సాంబయ్యకు బందైన పేపరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మా శాఖా గ్రంథాలయానికి పై అంతస్తు వచ్చింది. వరంగల్‌లో నేను లైబ్రేరియన్‌గా చేరినప్పుడు ఉన్నది ఒక్క హాలే. తర్వాత పక్కన పుస్తకాల గది, ఆ తర్వాత మెట్ల కింద స్టోరు కట్టారు. కట్టినప్పుడల్లా పెద్దలు రిబ్బను కత్తిరించారు, నేను పుస్తకాలు మోశాను.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో పై అంతస్తు తొలివారమే నిండింది. చోటు దొరకనివాళ్లు కింద పీరియాడికల్స్ సెక్షన్‌లో, అంటే పత్రికలు చదువుకునే హాల్లో, కుర్చీలు పట్టుకున్నారు. అక్కడ కొమురయ్యదే రాజ్యం. మరమగ్గాల మీద, మా ఊరి మాటలో సాంచాల మీద, బతుకంతా గడిపిన మనిషి. పొద్దున్నే పేపరు విప్పి పైకి చదివేవాడు. అతనితో పనిచేసిన, అక్షరాలు రాని ఇద్దరు కార్మికులు, షుగరుతో చూపు మందగించిన బట్టల దుకాణం గుమాస్తా సాంబయ్య అతని చుట్టూ కూర్చుని వినేవారు.

నర్సంపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్న స్వరూప ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. "సార్, ఎగ్జామ్ నెత్తి మీదున్నది. ఆ తాతకు జర చెప్పుండ్రి."

ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు. వెళ్లి చెప్పాను.

"మెల్లగనే సదువుతాన్న గద సారూ!" అన్నాడు కొమురయ్య, వీధి చివరిదాకా వినబడేలా. సాంచాల చప్పుడులో బతికినవాడికి మెల్లగా అంటే అంతే.

మర్నాడు హాలు నిశ్శబ్దంగా ఉంది. అలిగి మానేశాడేమోనని వెళ్లి చూస్తే నలుగురూ ఉన్నారు. కొమురయ్య గొంతు లేకుండా పెదవులు కదుపుతున్నాడు. సాంచాల వాళ్లిద్దరూ ఆ పెదవుల్నే చూస్తూ తలలూపుతున్నారు. షెడ్డులో ఎవరి మాటా వినబడదు కాబట్టి పెదవులు చూసి మాట పట్టుకోవడం వాళ్లకు అలవాటు. నాకు ముచ్చటేసింది, గొడవ తీరిందనీ అనిపించింది.

వారం తర్వాత సాంబయ్య తడుముకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సారూ, నాకు పేపర్ బందైంది. రేపటి సంది రాను."

"రోజూ వాళ్లతోనే కూసుంటున్నవ్ గద సాంబన్నా?"

"కూసుంటాన్న. వాళ్ల మూతులు నాకు కనబడయ్. కొమురన్నకు చెప్తె మళ్ల గట్టిగ సదువుతడు. ఆ పిల్ల పరీక్ష ఖరాబైతది. అందుకే చెప్పలే."

నాకు మనసు చివుక్కుమంది. మెట్ల కింద స్టోరు నిండా వీడింగ్‌లో తీసేసిన పుస్తకాలున్నాయి. వీడింగ్ అంటే చిరిగినవాటిని, ఎవరూ అడగనివాటిని ఏరివేయడం. ఆ గది ఖాళీ చేస్తే తనిఖీకి వచ్చినప్పుడు కూర్చుంటానని పై అధికారి ఎప్పటినుంచో అంటున్నాడు. ఖాళీ చేసి, అందులో నాలుగు కుర్చీలు వేయించాను.

"లైబ్రరీలో మాట్లాడే గదేందయ్యా?" అని ఆయన మండిపడ్డాడు.

"వినే గది సార్," అన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

తొలిరోజు తలుపు మూయగానే కొమురయ్య గొంతు విప్పాడు. సాంబయ్య చెవులు మూసుకుని, "నా కండ్లే పోయినయ్ అన్నా, చెవులు గాదు!" అని పకపకా నవ్వాడు.

ఇప్పుడు మాకు మరో గది మంజూరైంది. దాంట్లో ఏం పెట్టాలని అడుగుతున్నారు. ముందు హాల్లోకి వెళ్లి, ఎవరు నోరు మెదపకుండా సర్దుకుపోతున్నారో చూసి వస్తున్నాను.