కొసరు చెంచా

దర్జీ అక్కకి కొసరు పిచ్చి. ఏ జాకెట్టు కుట్టినా లోపల కాస్త ఎక్కువ గుడ్డ మడిచి వదిలేది, రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. ఆ మాట మొహం మీదే అనేది కూడా.

బస్సు నడిపే తమ్ముడికి కడుపులో మంట పట్టుకుంటే అతిమధురం పొడి కాచి ఇచ్చింది. మంట తగ్గింది. ఇక ఆవిడని ఆపేదెవరు? చెంచా మీద చెంచా, పూట మీద పూట.

కొన్ని నెలలకి తమ్ముడికి బీపీ పెరిగి, మాత్రలు మింగినా దిగిరాలేదు. క్లచ్ తొక్కే కాలు పట్టు తప్పుతోంది. డిపోవాళ్ళు బస్సు ముట్టుకోవద్దన్నారు. అడ్రినల్ గ్రంథిలో బీపీ పెంచే హార్మోన్ ఎక్కువవుతోందేమోనని డాక్టరు రక్తపరీక్ష రాశాడు. వేరే మందులేమైనా వాడుతున్నారా అంటే, లేదని అక్కే ఠక్కున చెప్పింది. ఇంట్లో కాచింది మందెలా అవుతుంది? పైగా తమ్ముడు నీరసపడ్డాడని ఆ రోజు ఇంకా చిక్కగా కాచింది.

పరీక్ష చూసి డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "హార్మోన్ తక్కువే ఉంది. కానీ ఒంట్లో అది ఎక్కువైనట్టే ఉంది. పొటాషియం పడిపోయింది. అతిమధురం గానీ తింటున్నావా? మోతాదు మించితే అదే ఇలా చేస్తుంది."

అక్క తమ్ముడి వైపు చూసింది.

"నేనే కొనుక్కుని తాగుతున్నానండీ," అన్నాడు తమ్ముడు.

డాక్టరు అతన్ని చెడామడా తిట్టాడు. అక్క తల వంచుకుని కూర్చుంది.

బయటికొచ్చాక తమ్ముడు నవ్వాడు. "పోనీలే అక్కా, తిట్లు తినడం నాకు రోజూ ఉన్నదే."

ఆ నవ్వు భరించలేక ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికెళ్ళింది. "వాడు అబద్ధం చెప్పాడండీ. కాచి ఇచ్చింది నేను. తిట్టాల్సింది నన్ను."

డాక్టరు కోప్పడలేదు. "ఆపేస్తే మెల్లగా సర్దుకుంటుందమ్మా, మళ్ళీ బస్సెక్కుతాడు. ఇంకెవరికైనా ఇచ్చారా?"

కుట్టిన బట్టలతోపాటు కడుపుమంట అన్నవాళ్ళకల్లా పొట్లాలు కట్టిచ్చింది. ఒక్కో మొహం గుర్తుచేసుకుంటూ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

ఆ సాయంత్రమే మిషను మూసేసి ఇంటింటికీ బయల్దేరింది. మొదటి గుమ్మంలోనే వెనక వీధి టీచరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"నీ చలవ వల్ల మంట పోయింది అక్కా. ఈమధ్య కాళ్ళే కాస్త బరువుగా ఉంటున్నాయి. ఇంకో చెంచా పెంచమంటావా?"