చెల్లె తల ఎరిగిన టోపీ

మా దుకాణంలో చీరలు, పంచెలు, తువ్వాళ్ళు అమ్ముతాం. టోపీలు అమ్మం. జనగామలో టోపీ కోసం బట్టల దుకాణానికి ఎవరూ రారు. పిల్లలకు కావాలంటే చలికాలంలో రోడ్డు పక్కన స్వెట్టర్లు పరుచుకుని కూర్చునే వాళ్ళ దగ్గర కొంటారు, పెద్దవాళ్ళు తువ్వాలతో కానిచ్చేస్తారు. అయినా టోపీల సంగతి ఈ బజారులో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని పందెం కాసి చెప్పగలను. సరదాకొద్దీ నేర్చుకున్న విద్య కాదు. మా చెల్లె జుట్టంతా ఊడిపోయింది, అందుకని నేర్చుకున్నాను.

చెల్లె భూపాలపల్లిలో పంతులమ్మ. రొమ్ములో గడ్డ అని తెలిసేసరికే ఆలస్యమైంది. పట్నం దవాఖానలో మందు ఎక్కించడం మొదలుపెట్టాక జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. ఓ రోజు విసుగొచ్చి మొత్తం తీయించేసుకుంది. మా వైపు ఆడమనిషి గుండుతో కనిపిస్తే ఎవరైనా అడిగేది ఒకటే మాట. "తిరుపతికి పోయొచ్చినవా బిడ్డా?" అని నర్సింహులపేట దగ్గరి మా చుట్టాలావిడ అడిగితే, చెల్లె తడుముకోకుండా, "పోయొచ్చిన పెద్దమ్మా, మొక్కు జర పెద్దది, ఇంక తీరలే" అంది. ఆవిడ నమ్మి చేతులెత్తి దండం పెట్టింది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. నా మొహం చూసి చెల్లె నన్నే కసురుకుంది.

ఆ తర్వాతే టోపీలు వచ్చాయి. మొదటిది అవ్వ పాత నూలు చీర చించి మా దుకాణం ముందు మిషన్ పెట్టుకున్న దర్జీతో కుట్టించినది. అవ్వ అంటే మా అమ్మే, మేమిద్దరం అలాగే పిలిచేవాళ్ళం. ఊళ్ళో ఉండలేక అప్పటికే నా దగ్గరికి వచ్చేసింది, వీలున్నప్పుడల్లా ఇద్దరం భూపాలపల్లికి పోయి చెల్లె దగ్గర ఉండేవాళ్ళం. రెండోది ఎర్ర ఉన్ని టోపీ. మూడోది గడ్డితో అల్లినది, ఎండకు. నాలుగోది మాత్రం చెల్లె పట్నంలో తనే ఏరుకుంది. ఉన్నిని దిమ్మిస కొట్టినట్టు గట్టిగా నొక్కి చేసిన బూడిద రంగు టోపీ, చుట్టూ అంచు, అంచు పైన నల్ల పట్టీ. సినిమాల్లో దొంగలను పట్టేవాడు పెట్టుకుంటాడే, అలాంటిది.

"ఇన్నేండ్ల సంది గిరాకీలకు నువ్వే టోపీలు పెట్టినవ్ గద అక్కా, ఇగ నేను పెట్టుకుంట" అంది. అంత నొప్పిలోనూ నా వ్యాపారం మీద వేసే చురకలు మాత్రం మానలేదు.

నూలు టోపీకి పెద్ద సేవ అక్కర్లేదు. కుంకుడు రసంలో నలిపి, నీడలో గిన్నె మీద బోర్లిస్తే చాలు. ఉన్నిదాన్ని చల్లనీళ్ళలో ముంచాలి, పిండకూడదు, తువ్వాలలో చుట్టి తడి తీయాలి. గడ్డి టోపీ ఎండ కోసమే పుట్టినా ఎండలో వదిలేస్తే పెళుసెక్కి విరుగుతుంది. మా చెల్లె దాన్ని భూపాలపల్లిలో కిటికీ దగ్గర మేకుకు తగిలించి మర్చిపోయింది, అది కాస్తా అంచు పొడవునా చీలింది. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేద్దామంటే ఆ వాసనకు చెల్లె వాంతి చేసుకునేది. ఎండబెట్టిన వేపాకు, వస కొమ్ములు గుడ్డలో మూటగట్టి టోపీల మధ్యలో పెట్టేదాన్ని.

బూడిద రంగు టోపీదే అసలైన చాకిరీ. భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన వాళ్ళ ఇల్లు. సాయంత్రానికి టోపీ మీద నల్లటి నుసి. మెత్తని బ్రష్షుతో ఒకే వైపుకు దువ్వాలి, తడిగుడ్డ తగలనివ్వకూడదు. తీసిన టోపీని అంచు మీద కూర్చోబెడితే అంచు వంగిపోతుంది, నెత్తి భాగం కిందికి ఉండేలా వెల్లకిలా పెట్టాలి. ఇవన్నీ చెల్లె ఫోన్‌లో చూసి నాకు పాఠం చెప్పేది, నేను చేసేదాన్ని.

ఓసారి ఊరికే నా తలకు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. అటూ ఇటూ ఊగింది. చెల్లె మంచం మీది నుంచే నవ్వింది. "నీ నెత్తికి ఆగదక్కా, గది నా నెత్తికి అలవాటైంది."

నిజంగానే అలవాటైంది. దానికో కథ ఉంది. మేం పసివాళ్ళుగా ఉన్నప్పుడు అవ్వ రోజూ ఆముదం పట్టించి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని వేడినీళ్ళు పోసి, అరచేతులతో మా తలలు ఒత్తేది, గుండ్రంగా రావాలని. నాది చెప్పినట్టు విన్నది. చెల్లె మాత్రం ఎప్పుడూ ఎడమ పక్కకే తిరిగి పడుకునేదట, ఎంత ఒత్తినా ఎడమ చెవి వెనక చదునుగా ఉండిపోయింది. "మీ అక్క నెత్తి బోర్లిచ్చిన ముంతోలె వొచ్చింది. నీదే నా మాట ఇనలే" అని అవ్వ చెల్లె జడ వేసినప్పుడల్లా అనేది. జుట్టు పోయాక ఆ చదును మళ్ళీ బయటపడింది. అవ్వ అక్కడ చేయి వేసి నిమిరేది, చెల్లె కళ్ళు మూసుకుని పడుకునేది. ఒట్టి తల మీద రోజంతా ఉండి ఉండి, చెమటకు మెత్తబడి, ఆ టోపీకి కూడా అదే చోట అదే చదును వచ్చింది.

చెల్లె పోయింది. ఎర్ర ఉన్ని టోపీ తలకు ఉండగానే పోయింది, దాన్ని తీయడానికి అవ్వ ఒప్పుకోలేదు, దానితోనే పంపించాం.

మాలో పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. చెల్లె చీరలన్నీ మూటగట్టి బట్టలుతికే ఆమెకు ఇచ్చాం. టోపీలు కూడా పెట్టబోతే ఆమె తీసి పక్కన పెట్టింది. "గివి నాకెందుకమ్మా, నా నెత్తి మీద ఎప్పుడూ మూటనే ఉంటది గద." చెల్లె పెనిమిటి, మా మరిది, ఏం చేయమంటే అది చేస్తానన్నాడు పాపం. పెద్దవాళ్ళు కాల్చేయమన్నారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ లేచింది.

"చీరలకు శాస్త్రమున్నది, ఇచ్చిన. చెప్పులకు ఉన్నది, ఇచ్చిన. టోపీలకు ఏ శాస్త్రమున్నదో చెప్పున్రి, ఇస్త."

మా వంశంలో టోపీ పెట్టుకున్న మనిషి చెల్లెకు ముందు లేడు కదా, శాస్త్రం ఎక్కణ్ణించి వస్తుంది? అలా బూడిద రంగు టోపీ జనగామకు వచ్చింది. మేడ మీది గదిలో, చీరల అట్టపెట్టెలో, వెల్లకిలా. లోపల దర్జీ దగ్గరి మెత్తని గుడ్డముక్కలు పెట్టాను, ఒత్తుకోకుండా, రూపు జారకుండా. పొద్దున దీపం పెట్టాక అవ్వ పైకి పోయేది, గుడ్డముక్కలు తీసి, లోపలికి చేయి పోనిచ్చి, ఎడమ వైపు ఆ చదును తడుముకుని, మళ్ళీ అన్నీ సర్ది కిందికి వచ్చేది. వచ్చాకే టీ తాగేది. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని. ఆ చదును ఉన్నన్నాళ్ళు అవ్వ ఉంటుందని నాకు అనిపించేది. అది ఎక్కడ పోతుందోనని భయంగానూ ఉండేది.

పోయిన వానాకాలం ముసురు పట్టింది. నేను కొడకండ్లలో పెళ్ళికి పోయాను. తిరిగి వచ్చేసరికి మేడ మీది గది పైకప్పు కారి, పెట్టె తడిసి, టోపీ నాని ముద్దయి ఉంది. అవ్వ అప్పటికే దాని పని పట్టేసింది. మా చిన్నప్పుడు ఇంట్లో ఇస్త్రీపెట్టె లేదు, చెంబులో నిప్పులు పోసి బడిబట్టలకు ఇస్త్రీ చేసేది అవ్వే. ఆ అలవాటే చేతికి వచ్చింది. గుండ్రటి చిన్న ఇత్తడి గుండిగలో మసిలే నీళ్ళు పోసి, వెల్లకిలా పెట్టిన టోపీలో కుదురుగా కూర్చోబెట్టింది. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచి పోసింది. పొద్దంతా అదే పని.

"సూడు, బూజు పట్టకముందే ఎట్ల ఆరబెట్టిన్నో" అంది. మొహంలో గర్వం. చెల్లె పోయాక ఆ మొహం చూడటం నాకు అదే మొదలు.

గుండిగ పైకి తీశాను. టోపీ పొడిగా, వెచ్చగా, దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టు ఉంది. ఎక్కడా సొట్ట లేదు. "కొత్తదోలె అయింది అవ్వా" అన్నాను, మురిసిపోయి.

అవ్వ లోపలికి చేయి పెట్టింది. ఎడమ వైపు తడిమింది. టోపీని తిప్పి కుడివైపు తడిమింది. మళ్ళీ ఎడమకు వచ్చింది. రెండు చేతులూ పెట్టింది, పసిపిల్ల తల పట్టుకున్నట్టు. నాకు అప్పుడు అర్థమైంది.

"గుండ్రంగ అయింది బిడ్డా" అంది చివరికి. "ఇగ ఇప్పుడు ఇన్నది నా మాట."

ఏదో ఒకటి చెప్పాలని, తడిపి మళ్ళీ సరిచేద్దామనో ఏమో అన్నాను. అవ్వ వినలేదు. టోపీ నా తల మీద పెట్టి, చెవుల దాకా నెమ్మదిగా లాగి, అరచేతులతో చుట్టూ ఒత్తింది.

నాకు సరిగ్గా సరిపోయింది.