కరుణమ్మ గారికి వినపడని సాక్ష్యం

పడిన చోటి నుంచి నన్ను లేపి, ఈ రోజు వరకూ నా నడకను కాచిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన ప్రేమించిన వారినే గద్దిస్తాడని చిన్నప్పుడే కంఠస్థం చేశాను. ఆ మాటకు అర్థం మాత్రం నాకు పదిహేడో ఏట తెలిసింది.

ఈ ఉదయం మందిరంలో సండేస్కూలు జరుగుతుండగా గాలి మళ్ళింది. వెనక కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీల్లోంచి లోపలికి కొట్టింది. పిల్లలందరూ ఒక్కసారే తుమ్మారు. వాక్యం అప్పజెబుతున్న ఆరేళ్ళ పాప దగ్గి, గొంతు బాగా తగ్గించేసింది. "గట్టిగా చెప్పమ్మా, వినపడలేదు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆ మాట నాది కాదు. అది కరుణమ్మ టీచరు గారి మాట.

ఆవిడ బడిలో టీచరు కాదు. వారంలో ఆరు రోజులు పత్తి తీతకో మిరపకోతకో వెళ్ళే కూలీ. ఆదివారం మాత్రం ఉతికిన చీర కట్టుకుని, మిరపకాయలు తెంపి మంటలెత్తిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, చాప మీద కూర్చుని మాకు వాక్యాలు నేర్పేవారు. చదివింది ఐదో తరగతే. అయినా ఆవిడ ముందు గొణిగి తప్పించుకున్న పిల్లవాడు లేడు. ఎనిమిదేళ్ళప్పుడు నేనొకసారి విసుగొచ్చి, "దేవుడికి చెవుడా టీచరమ్మా? మెల్లగా చెప్తే వినపడదా?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. "ఆయనకేం చెవుడు లేదురా జోయెలూ. నువ్వన్నది నీ చెవిన పడాల. పడకపోతే ఏమన్నావో నీకే తెలవదు" అన్నారు.

మా నాన్న దానియేలు మూడెకరాల రైతు, సంఘ పెద్ద. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, కాలేజీ బస్సు తప్పిన రోజున తన మోటారు సైకిల్ తాళం నా చేతికిచ్చేవాడు. నాకు పద్దెనిమిది నిండలేదని అమ్మ గొణిగితే, "ఊళ్ళో బండ్లు తోలే పిల్లోళ్ళలో ఎంతమందికి నిండాయిలే" అనేవాడు. ఒక శనివారం ఆ బండి మీదే స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్ళాను. పత్తిచేను గట్టున ముగ్గురం కూర్చుని బీర్లు తాగాం. నాలుగింటికి ఇంటికి బయలుదేరాను. రోడ్డులో సగం మేర మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో ఒకావిడ నడిచి వెళుతోంది. కూలీలను తీసుకెళ్ళే ట్రాక్టరు ఇంకా రాలేదు. ఆదివారానికి మందిరం ఊడవాలని ఆవిడ ఒక్కరే ముందుగా పని దిగి నడుస్తున్నారు. మనిషి కనపడుతూనే ఉంది. బ్రేకు వేయాలని కూడా అనుకున్నాను. చెయ్యి మాట వినలేదు. ఆవిడ పడ్డాక ముఖానికి చుట్టుకున్న గుడ్డ జారింది. "టీచరమ్మా!" అని అరిచాను.

నాన్నకు ఫోన్ చేస్తే, ఆయన మా సంఘంలో ఆటో నడిపే ఏసోబన్నతో కలిసి, అతని ఆటోలో వచ్చాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఆవిడ కుడికాలి ఎముక రెండు చోట్ల విరిగింది. అక్కడి పోలీసు కాగితం తీసి, "బండి ఎవరు నడిపారు?" అని అడిగాడు. నాన్న ఏసోబన్న వైపు చూసి, "ఇతనే" అన్నాడు. ఏసోబన్నకు పెళ్ళి కుదిర్చింది మా నాన్నే. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. తల వంచుకున్నాడు. నేను వెనక కూర్చున్నానని రాశారు. నన్నెవరూ ఊదమనలేదు, రక్తం తీయలేదు.

మూడో రోజు నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆవిడ మంచం దగ్గరకు వెళ్ళాడు.

"అక్కా, మైనరు తోలితే బండిచ్చిన తండ్రి మీద కేసంట. జైలు కూడా ఉంటదంట. ఏసోబుకైతే లైసెన్సుంది, చిన్న కేసుతో పోద్ది. వాడే నడిపాడని చెప్పు" అన్నాడు.

"నా వీపుకి కళ్ళు లేవు తమ్ముడూ. నే చూళ్ళేదు. చూళ్ళేదనే చెప్తా. ఏసోబని మాత్రం అనను" అన్నారావిడ. తరవాత నా వైపు తిరిగారు. "ఏరా, బీరు చేదుగా ఉంటదంటగా?"

నేను మంచం అంచున దుప్పటి సర్దాను.

"నాలుగేళ్ళప్పుడు జొరం మందు చేదుగా ఉందని నా చీర మీద ఉమ్మావు. ఇప్పుడు చేదు బాగానే దిగతందే!"

పక్క మంచం మీదున్న ఒకామె పకపకా నవ్వింది. కరుణమ్మ గారు నవ్వలేదు. "పిలిచిన గొంతు నాకు తెలుసురా" అని మాత్రం అని, గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆ తరవాతి నెల రోజులు నాకు ఏ వాక్యమూ రుచించలేదు. ఏసోబన్న లైసెన్సు పోలీసుల దగ్గర ఉండిపోయింది. అతని ఆటో ఇంటి ముందు పట్టా కప్పుకుని నిలబడింది. అతని భార్య చంటిబిడ్డను చెట్టుకింద పడుకోబెట్టి పత్తి తీతకు వెళ్ళేది. రోజూ ఆ ఆటో పక్క నుంచే కాలేజీకి నడిచేవాణ్ణి. "ఏరా జోయెలూ, బాగా చదువుతన్నావా?" అని అతనే పలకరించేవాడు.

మా సంఘంలో ఒక అలవాటుంది. ప్రమాదం తప్పితే, జబ్బు నయమైతే, ఆ ఇంటివాళ్ళు కృతజ్ఞతార్పణ తెచ్చి సాక్ష్యం చెప్పాలి. నాన్న ఆ నెల చివరి ఆదివారం గంపెడు ఎర్రటి మిరపకాయలు తెచ్చి ప్రసంగ వేదిక ముందు పెట్టి, నన్ను లేచి చెప్పమన్నాడు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఒక మనిషి కాలు విరగ్గొట్టి, నన్ను కాపాడినందుకు దేవునికి మిరపకాయలిచ్చాం. అందరూ చాపల మీద కూర్చుంటే, ఆసుపత్రి నుంచి వచ్చిన కరుణమ్మ గారు ఒక్కరే ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాపుకుని ఉన్నారు. చంకకర్రలు గోడకు ఆనించి ఉన్నాయి.

"నేనూ ఏసోబన్నా బండి మీద వస్తుండగా ప్రమాదం జరిగింది. దేవుడు నన్ను కాపాడాడు" అన్నాను. కొందరు "స్తోత్రం" అన్నారు.

"గట్టిగా చెప్పు జోయెలూ. వినపడలా" అన్నారు కరుణమ్మ గారు.

గొంతు పెంచి అదే మాట చెప్పాను. చివరి వరసలో కూర్చున్న ముసలి తాతకు కూడా వినపడింది. నాకూ వినపడింది. రెండో వరసలో ఏసోబన్న చాప పోగులు పీకుతూ కూర్చున్నాడు.

"ఇంకా వినపడలేదురా."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఆరేళ్ళప్పుడు వాక్యం మరిచిపోతే ఎలా ఆగి చూసేవారో అలాగే చూస్తున్నారు.

"బండి నడిపింది నేను. తాగి నడిపాను. ఏసోబన్న అక్కడ లేడు."

"ఇప్పుడు వినపడింది" అన్నారావిడ.

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు లేచి, మిరపకాయల గంపను మోసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టారు. "దీన్ని ఎవరూ ముట్టుకోరు దానియేలు గారూ. ముందు నిజం చెప్పాల్సిన చోట చెప్పి రండి" అన్నారు. నాన్న నాకంటే ముందు ఇంటికి నడిచాడు. గుమ్మంలో ఆగి, "అన్నం తిను. స్టేషనుకి పోదాం" అన్నాడు.

స్టేషన్‌లో ఎస్సై గారు కేకలేశారు. "ఏందయ్యా, అందరూ కలిసి నాటకమాడారా? అబద్ధం రాయించినందుకు మీ ఇద్దరి మీదా ఇంకో కేసు పెట్టనా?" అని నాన్ననీ ఏసోబన్ననీ నిలబెట్టి తిట్టారు. కొన్నాళ్ళకు ఏసోబన్న లైసెన్సు అతని చేతికొచ్చింది. నా కేసు గుంటూరులో పిల్లల కేసులు చూసే బోర్డుకు వెళ్ళింది. "తాగినట్టు రుజువు లేదు బాబూ, ఆ ముక్క ఎత్తకు" అని లాయరు గారు చెప్పారు. వాంగ్మూలం ఇవ్వడానికి కరుణమ్మ గారు చంకకర్రలతో బస్సెక్కి వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆవిడను దాటి లోపలికి వెళ్ళాను. అడిగిందంతా చెప్పాను, ఆ ముక్కతో సహా. ఏడాది పాటు అధికారి పర్యవేక్షణ, కౌన్సెలింగు, సెలవు రోజుల్లో ఆసుపత్రి ఎముకల వార్డులో సేవ విధించారు. అక్కడ నా ఈడు పిల్లల్ని చక్రాల కుర్చీల్లో ఎందరిని తోశానో లెక్క లేదు.

నాన్న కేసు వేరే కోర్టులో నడిచింది. "తాళం ఎవరిచ్చారు?" అని జడ్జి గారు అడిగితే, "నేనే ఇచ్చానండి. వయసు తెలిసే ఇచ్చాను" అన్నాడు. జరిమానా వేసి, కోర్టు లేచేదాకా ఖైదు అన్నారు. ఆ రోజు సాయంత్రం దాకా మా నాన్న, సంఘ పెద్ద, ఆ హాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను తలుపు బయట నిలబడ్డాను. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దయింది. నాకు పాతికేళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.

కరుణమ్మ గారు మళ్ళీ పత్తిచేలో వంగలేకపోయారు. వైద్యం, పరిహారం నాన్న భరించినా, ఆ కాలిని ఎవరూ తిరిగివ్వలేకపోయాం. కళ్ళంలో కుర్చీ వేసుకుని మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేవారు. పొద్దునా సాయంత్రం సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్ళేవాణ్ణి. గతుకు తగిలితే, "మెల్లగా తొక్కరా, రెండో కాలు కూడా కావాలా నీకు?" అనేవారు. ఒకసారి సైకిలు ఆపి అడిగాను. "టీచరమ్మా, ఆ మూడో రోజునే పోలీసులకు నా గొంతు విన్నానని చెప్పి ఉంటే నాకీ సిగ్గు తప్పేది కదా?"

"చెప్తే నేను నిన్ను పట్టిచ్చినట్టయ్యేది. నువ్వు వచ్చినట్టు కాదు" అన్నారు. "తొక్కు, ఎండెక్కుతంది."

పోయిన వానాకాలం జ్వరం వచ్చి, ఆవిడ ప్రభువునందు నిద్రించారు. సమాధి దగ్గర పెట్టెను ఒక పక్క ఏసోబన్న పట్టుకున్నాడు, ఒక పక్క నేను పట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ చాప మీద కూర్చుని పిల్లలకు వాక్యాలు నేను నేర్పుతున్నాను. నాకు ఇరవై రెండేళ్ళు. దూరం పోవాలంటే ఏసోబన్న ఆటోనే. "ఎక్కరా, ఇంకా మూడేళ్ళు నేనే నీకు డ్రైవర్ని" అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు దక్కాల్సింది కాదు, కృపగా దక్కింది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థన చేయండి. పదిహేడేళ్ళ కొడుకు చేతిలో ఈ పూట తాళం పెట్టబోయే తండ్రి కోసం. చేలగట్టున సీసా మూత తీస్తున్న పిల్లవాడి కోసం. ఇంకొకరి తప్పు కింద తల వంచిన ఏసోబుల కోసం. పని దిగి రోడ్డు పక్కన ఒంటరిగా నడిచి వస్తున్న ఆడకూలీ కోసం. మనసులో అనుకుని ఊరుకోవద్దు. గట్టిగా ప్రార్థించండి. ఆయన ఎలాగూ వింటాడు. మీ మాట మీ చెవిన పడాలి.