టవరు మీదికి నెట్టిన తప్పు

ఆ రోజుల్లో కాస్త కంప్యూటరు వచ్చినవాడు తనకు రానిది లేదనుకునేవాడు. ఎవరో కాదు, నేనే. నరసరావుపేటలో డిగ్రీ ముగించి, పాత లాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని రెంటచింతలలో మా ఇంటికి చేరి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతుండేవాణ్ణి. నా ఫోన్‌లో నెట్ పొద్దున్నే అయిపోయేది (సినిమాలకని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను). పక్కింటి వదిన ఫోన్‌ హాట్‌స్పాటే నాకు దిక్కు. వాళ్లాయన సైన్యంలో ఉండేవాడు. ఆయనున్న చోట మామూలు ఫోన్ అందదు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు క్యాంపులో నెట్ దొరికితే వీడియో కాల్‌లో కనిపించేవాడు. నాలుగు నెలల కూతుర్ని ఆయన ఇంకా ఎత్తుకోనేలేదు.

ఒక ఆదివారం దరఖాస్తు పంపడానికి వదిన నెట్ అడిగాను. పంపాక లాప్‌టాప్ వాళ్ల వరండాలోనే వదిలేసి అన్నానికి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే సిస్టమ్ అప్‌డేట్ ఒకటి దిగుతూ దిగుతూ డెబ్బై శాతం దగ్గర ఆగిపోయి ఉంది. హాట్‌స్పాట్‌ను ఇంటి వైఫై అనుకుని, నన్నడక్కుండానే ఆ అప్‌డేట్ వదిన ఫోన్‌లోని ఆ రోజు డేటా అంతా తాగేసింది. లోపల వదిన పాపకు కొత్త గౌను తొడిగి, బుగ్గన చుక్క పెట్టి, ఫోన్ ముందు కూర్చుంది. తెర మీద చక్రం తిరుగుతోంది తప్ప మనిషి రావడం లేదు.

"ఏందబ్బాయ్, నెట్ రావట్లా?" అంది.

"టవరు పోయినట్టుంది వదినా," అన్నాను.

ఆమె పాపను నా చేతుల్లో పెట్టి, సిగ్నల్ కోసం మండుటెండలో మిద్దెక్కింది. వీధి చివర కొట్లో అదనపు డేటా వేయించవచ్చు. కానీ వేయించాలంటే నిజం చెప్పాలి. చెబుదామని రెండుసార్లు మెట్లదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పాప నా చెవి పట్టుకుని నవ్వుతోంది (ఆ వయసులో మనుషుల మంచీచెడ్డా తెలియదు). ఆయన వీడియో కాల్ చేసే వేళ దాటిపోయింది. చానాసేపటికి వదిన దిగొచ్చి, పాపను తీసుకుని గౌను మార్చేసింది.

ఆ సాయంత్రమే ఒక స్నేహితుణ్ణి అడిగి తెలుసుకున్నాను. వైఫై సెట్టింగుల్లో ఆ హాట్‌స్పాట్‌ను 'మీటర్డ్', అంటే లెక్కగా వాడుకోవాల్సిన నెట్, అని గుర్తుపెడితే పెద్ద అప్‌డేట్లు వాటంతటవి దిగవట. ఒకే ఒక్క మీట. ఆ లాప్‌టాప్ వాడిన మూడేళ్లలో నేనెన్నడూ దానివంక చూడలేదు. మరుసటి ఆదివారం కాల్ వచ్చిందనీ, అన్న పాపను చూసి ఏడ్చాడనీ మా అమ్మ చెబితే విన్నాను. అప్పుడు వెళ్లి వదినకు నిజం చెప్పాను.

బియ్యం ఏరుతున్న వదిన తలెత్తలేదు. "మిద్దె మీదుండగానే డేటా అయిపోయిందని మెసేజ్ చూశా. అప్పటికే ఆయన వేళ దాటిపోయింది. ఎంటనే దిగితే నిన్నేమంటానోనని కాసేపు ఆడనే కూర్చున్నా. నువ్వే పైకొచ్చి చెప్తావేమోనని గూడా చూశా," అంది.

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తల దించుకుంటాను. మెట్ల దగ్గర పాపనెత్తుకుని తచ్చాడుతున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే కాస్త నవ్వూ వస్తుంది. వాడి భుజం మీద చెయ్యేసి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: తిడితే తిట్టింది, పైకెళ్లరా.