మిరపకాయల టీచరు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో నా ఎదుట కూర్చున్న చరిత్ర టీచరు ఒడిలో ఎండుమిరపకాయల సంచి ఉంది. పాఠానికట.

"మిరపకాయ పరదేశం నుంచి ఓడల్లో వచ్చిందన్నానండి. మన గుంటూరు కారాన్ని పరాయిదంటావా అని ఊళ్లోవాళ్లు బడి మీదకొచ్చారు. ఆ మాట వెనక్కి తీసుకోమన్నారు హెడ్మాస్టరు గారు."

"తీసుకున్నారా?"

"తద్దినం వంటలో మిరపకాయ ఎందుకు వేయరో మీ నాయనమ్మల్ని అడిగి రండని పిల్లల్ని పంపానండి. అది రాకముందు మన పెద్దలు తిన్నది మిరియాలే. వాళ్లకి ఇప్పటికీ అవే పెడుతున్నాం."

భట్టిప్రోలులో దిగుతూ ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "వచ్చేవారం టమాటాలు తీసుకెళ్తా, అవీ ఓడల్లో వచ్చినవే. ఎవరొస్తారో రమ్మనండి."

మొన్న తాతయ్య తద్దినానికి అమ్మ మడి కట్టుకుని మిరియాలు దంచుతుంటే, ఎందుకో అడుగు పొమ్మని మా అమ్మాయిని వంటింటి గడప దాకా పంపాను.