గుచ్చని ఇయర్‌ఫోన్

ముప్పై నాలుగేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో నేను బెత్తం లేకుండా తరగతిలో అడుగుపెట్టిన రోజు లేదు. లెక్కల మాస్టారుగా ఆ బెత్తం తెచ్చిన పేరుకు గర్వపడిన కాలమూ ఉంది. అయితే నేను కొట్టిన చివరి దెబ్బ బడిలో కొట్టినది కాదు. పదవీ విరమణ చేసిన పదకొండేళ్ల తర్వాత, మా ఇంటి వసారాలో, పదిమంది చూస్తుండగా, ఇద్దరు బిడ్డల తండ్రి అయిన ఒక రైతును చెంప మీద కొట్టాను. అప్పుడు నా ఎదుట బల్ల మీద ఒక ల్యాప్‌టాప్ ఉంది. దాని స్పీకర్లు పలకడం లేదు.

మాది మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక శివారు గ్రామం. కాలువ నీరు పైఊళ్లను తడిపాక మిగిలితే మాకు వస్తుంది. దాళ్వాకు, అంటే ఎండలు ముదిరే వేళకు పండే రెండో వరికి, నీటిని వంతులవారీగా వదులుతారు. కాలువ నుంచి పొలాలకు నీరు తెచ్చే పిల్లకాలువను బోదె అంటాం. మా ఊరి బోదె కింద ఏడుగురు రైతులు. ఒక్కొక్కరికి ఒక పగలు, ఒక రాత్రి. ఎవరి తర్వాత ఎవరో తేల్చుకోవడానికి ఏటా మా వసారాలో కూర్చుంటారు. ఆ బోదె కింద నాకు సెంటు భూమి కూడా లేదు గనుక నన్ను పెద్దమనిషిగా ఎంచుకున్నారు.

వారి మాటలను నేను ఫోనులో రికార్డు చేస్తాను. ఆ సాయంత్రమే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆ ఏడాది ఫోల్డరులో పెట్టి, ఫోనులో ఉన్నది తుడిచేస్తాను. ఒక వస్తువు ఒకే చోట ఉండాలన్నది నా నియమం. ఆ తర్వాత వంతుల పట్టికను తేటగా కాగితం మీద రాసి, తూము పక్కనున్న కరెంటు స్తంభానికి కట్టిస్తాను. ల్యాప్‌టాప్‌లో నేను వాడేది లినక్స్. పుస్తకం ముందు పెట్టుకొని నేనే ఎక్కించుకున్నాను. ప్రతి ఫైలుకూ ఒక చోటు, ప్రతి ఆజ్ఞకూ ఒక జవాబు ఉండే ఆ ఏర్పాటు నా స్వభావానికి సరిపోయింది.

ఆ ఏడాది పట్టిక కట్టించిన సాయంత్రం, బోదెకు చిట్టచివర పొలం ఉన్న రైతు మా గేటు దగ్గరకు వచ్చాడు. వయసు ముప్పై ఆరుకు మించదు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివాడు. నేను సంధ్య వార్చుకోవడానికి కూర్చోబోతున్నాను. పట్టికలో వరుస తప్పు పడిందని, ఒక్కసారి రికార్డు వినమని అతను గేటు అవతల నుంచే అన్నాడు. రాసినదాన్ని సరిగ్గా చదువుకొమ్మని చెప్పి తలుపు వేసుకున్నాను.

మర్నాడు తెల్లవారింది మొదలు పొలాల వైపు నుంచి కేకలు. నేను వెళ్లేసరికి బోదె గట్టు మీద ఎవరూ ఎవరినీ విడదీసే స్థితిలో లేరు. బోదె మొదట్లో పొలం ఉన్న పెద్దరైతు పట్టిక ప్రకారం మొదటి వంతు తనదేనని అడ్డుకట్ట వేసుకున్నాడు. శివారు రైతు వచ్చి ఆ కట్టను తెగ్గొట్టాడు. పెద్దరైతు అతని మెడ వెనక పట్టుకొని తలను బురదనీటిలోకి తొక్కిపెట్టాడు. ఊపిరాడక కాళ్లు తన్నుకుంటున్నవాడు చేతికందిన పారను వెనక్కి విసిరాడు. పార అంచు పెద్దరైతు నుదుటి మీద పడింది. చర్మం కనుబొమ్మ మీదుగా తెరుచుకొని వేలాడింది. అలా రక్తం కారుతుండగానే అతను రెండోసారి ఆ తలను నీటిలో ముంచాడు. చివరకు నలుగురు కలిసి ఇద్దరినీ లాగారు. శివారు రైతు వాంతి చేసుకున్నాడు, బురద వచ్చింది. ఆ నీళ్లు ఏ రంగులో పొలంలోకి పోయాయో నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాలువకు కాపలా ఉండే లస్కరు తూము మూసి తాళం వేశాడు. తగవు తేలేదాకా ఎవరికీ నీరు లేదు.

ఆ మర్నాడు ఉదయం అందరూ మా వసారాకు చేరారు. పెద్దరైతు తలకు కుట్లు వేయించుకొని, కట్టు మీద తుండుగుడ్డ చుట్టుకొని వచ్చాడు. అతని తమ్ముడు జేబులో పోలీసులకు ఇవ్వవలసిన ఫిర్యాదు రాసి సిద్ధంగా ఉంచుకున్నాడు. విషయం స్పష్టం. వంతు పెద్దరైతుదైతే, పరాయి వంతులో కట్ట తెగ్గొట్టి తల పగలగొట్టినవాడిగా శివారు రైతు స్టేషనుకు వెళతాడు. అతని వరి పాలు పోసుకుంటోంది. మరో రెండు రోజుల్లో నీరు అందకపోతే కంకులన్నీ తాలు. వంతు అతనిదైతే కేసు లేదు, నీరు అతనిది. ఆనాడు వసారాలో వరుస తేలిన సమయానికి మిగిలిన ఐదుగురూ లేచి చెప్పులు వెతుక్కుంటూ సరిగా వినలేదు. ఇప్పుడు ఎవరి బంధువు వైపు వారు ప్రమాణాలు చేస్తున్నారు. సాక్ష్యం రికార్డు ఒక్కటే.

ల్యాప్‌టాప్ తెరిచి ఫైలును నడిపించాను. తెర మీద గీత ముందుకు కదులుతోంది, నిమిషాలు మారుతున్నాయి. శబ్దం లేదు.

వాల్యూము నూరుకు పెంచాను. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. యంత్రాన్నే ఆపి తిరిగి వెలిగించాను. బడిలో ఏ పిల్లవాడైనా లెక్కను ఇంత అడ్డదిడ్డంగా చేసి ఉంటే అరచెయ్యి వాచేది.

పెద్దరైతు తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలాడు. “దీనికీ తల పగిలిందేంటండీ మాస్టారూ? మాకు స్టేషనుకెళ్లే పనుందండి.”

ఇయర్‌ఫోన్ తెచ్చి గుచ్చాను. చెవిలో నా గొంతు మొదలైంది. తీసేశాను, నిశ్శబ్దం. మళ్లీ గుచ్చితే మాట, తీస్తే మౌనం. ఒక్కొక్కరూ చెవిలో పెట్టుకొని వినండి అన్నాను. మా వైపు పంచాయితీలో సాక్ష్యం అందరి చెవుల్లో ఒకేసారి పడాలి. ఒకరు ముందు వింటే అది పక్షపాతం కిందే లెక్క. ముందు ఎవరు వినాలనే దగ్గర మళ్లీ లేచారు. ఫోనులోకి ఎక్కించి వినిపించమని ఎవరో అంటే, మధ్యలో ఏం జరుగుతుందో తమకేం తెలుసని తమ్ముడు కొట్టిపారేశాడు. ఒక బెంచీ తిరగబడింది. ఎవరో ఎవరి చొక్కానో చింపారు. శివారు రైతు బావమరిది వసారా స్తంభానికి ఆనించిన కర్ర అందుకున్నాడు. దాన్ని లాక్కోవడానికి ముగ్గురు మీద పడ్డారు. వసారా అరుగు మీద పెట్టిన మంచినీళ్ల కూజా పగిలి ఆ పెంకులు పాదాలకు గుచ్చుకుంటున్నా ఎవరూ ఆగలేదు.

నేను ల్యాప్‌టాప్ మూత మీద అరచేతితో కొట్టాను. రెండుసార్లు కొట్టాను. ఎత్తి ఆ పెంకుల మీద విసిరికొట్టాలన్నంత కసి నాలో లేచింది. అప్పుడే శివారు రైతు నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“మీరు దాన్ని తుడిచేసుంటారండి. మొన్న వినమన్నానని.”

నా చెయ్యి లేచింది. డెబ్బై ఏళ్ల చేతిలో అంత బలం ఉంటుందని నాకూ తెలియదు. ఆ చప్పుడుకు వసారా అంతా ఆగిపోయింది. అతని పెదవి పగిలింది. చెంప పట్టుకోలేదు, వెనక్కి జరగలేదు.

“ఎనిమిదో తరగతిలోనూ ఇంతేనండి,” అన్నాడు. “లెక్క చూడకుండానే కొట్టారు.”

నాకు ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు. చూడటానికి మిగిలింది తెర ఒక్కటే. కూర్చున్నాను. మొదట చేయవలసినది అప్పుడు చేశాను: ఒక్కొక్కటీ వరుసగా చూసుకుంటూ వెళ్లాను.

మొదట సెట్టింగ్స్ తెరిచి శబ్దం ఎక్కడికి పోతోందో చూశాను. హెడ్‌ఫోన్స్ అని ఉంది. ఏదీ గుచ్చలేదు, అయినా గుచ్చినట్టే యంత్రం నమ్ముతోంది. మా ఊరి ఉప్పుగాలి తలుపు గడియలనే తినేస్తుంది. ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం లోపలి రేకు తుప్పుపట్టి అతుక్కుపోయిందని అర్థమైంది. ఆజ్ఞలు టైపు చేసే నల్లటి టెర్మినల్ తెరిచి, శబ్దపు స్థాయిలన్నీ నిలువు గొట్టాలుగా చూపించే ఆల్సామిక్సర్‌ను నడిపించాను. ఎఫ్ ఆరు నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకున్నాను. స్పీకర్ అన్న గొట్టం కింద రెండు ఎమ్ అక్షరాలు; అంటే నోరు మూసి ఉందని. ఎమ్ నొక్కితే సున్నాలుగా మారాయి, క్షణంలో మళ్లీ ఎమ్‌లయ్యాయి. ఎవరో అవతల నుంచి మూస్తున్నారు. బాణం మీటతో కుడివైపు చివరిదాకా వెళ్లాను. అక్కడ ఆటో మ్యూట్ ఉంది. ఇయర్‌ఫోన్ గుచ్చినట్టు తోచిన ప్రతిసారీ స్పీకర్ల నోరు మూయించడమే దాని పని. దాన్ని కిందికి దించి ఆపేశాను. మళ్లీ స్పీకర్ దగ్గరకు వచ్చి ఎమ్ నొక్కాను. ఈసారి సున్నాలు నిలిచాయి.

పరీక్షగా స్పీకర్ టెస్ట్ ఆజ్ఞ ఇచ్చాను. ఎడమ స్పీకరులోంచి ఒక స్త్రీ గొంతు ఇంగ్లీషులో ఫ్రంట్ లెఫ్ట్ అంది.

“ఈవిడెవరండీ,” అన్నాడు వెనక నుంచి ఒక రైతు, ముక్కు నుంచి కారే రక్తం తుడుచుకుంటూ. “ఈవిడకీ మన బోదె కింద వంతుందా?”

నేను ఫైలును నడిపించాను.

మొదటి అరగంట అందరికీ గుర్తున్నదే. చివరి నిమిషాల్లో కుర్చీలు జరిపిన చప్పుడు, చెప్పుల చప్పుడు. ఆ చప్పుళ్ల మధ్య పెద్దరైతు గొంతు స్పష్టంగా వినిపించింది. “పిల్లాడి చేను పాలు పోసుకుంటోందండి. ముందు ఆడికి పోనివ్వండి. ఈసారి శివారు నుంచే మొదలెట్టండి.” వెంటనే నా గొంతు: “సరే. శివారు నుంచి పైకి. అందరూ ఒప్పుకున్నట్టే.”

ఆ మాట అన్నది నేనే. ఆ రాత్రి పట్టిక రాస్తూ కూర్చున్నదీ నేనే. ముప్పై నాలుగేళ్లు హాజరుపట్టీ రాసిన చెయ్యి ఎప్పుడూ మొదటి పేరుతోనే మొదలుపెట్టింది. బోదె మొదటి పొలం నుంచి చివరి పొలం దాకా, గీతలు కొట్టి, అంకెలు వేసి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఎదురుగా ఉన్న రికార్డును ఒకసారి కూడా వినలేదు.

పెద్దరైతును అడిగాను, మొదటి వంతు అతనికి ఇవ్వమన్నది నువ్వే కదా, మరి ఆ ఉదయం కట్ట ఎందుకు వేశావని. అతను కట్టు కింద నుంచి నా వైపు చూశాడు.

“పట్టిక చూశాక నా మాటే నాకు అనుమానమొచ్చిందండి. మాస్టారు ఏదో ఆలోచించే మార్చుంటారనుకున్నా. ఈడొచ్చి కట్ట తెగ్గొడితే, మీ రాతనే కాదంటన్నాడని ఒళ్లు మండిపోయింది.”

అతను ముంచినది నా రాత కోసం. అవతలివాడు పార ఎత్తింది నేను వినని మాట కోసం. ఆ ఇద్దరిలో ఒకరు ఆ ఉదయం చచ్చిపోయి ఉంటే, ఆ కాగితం స్తంభానికి అలాగే చక్కగా కట్టి ఉండేది.

తమ్ముడు జేబులోంచి ఫిర్యాదు తీశాడు. “ఇందులో ఇప్పుడెవరి పేరు రాయమంటారండి?”

“నాది రాయి,” అన్నాను.

అన్నగారు చెయ్యి చాచి ఆ కాగితం తీసుకొని నాలుగు మడతలు పెట్టి తన తుండుగుడ్డ కింద దోపుకున్నాడు. దాన్ని చింపలేదు. ఆ తర్వాత ఏం చేశాడో నేను అడగలేదు. కేసు మాత్రం లేదు.

శివారు రైతుతో, అందరూ వినేటట్టు, తప్పు నాదని, మొన్నా ఇప్పుడూ రెండుసార్లూ నాదేనని చెప్పాను. అతను పెదవి తుడుచుకున్నాడు.

“తూము తీయించండి మాస్టారూ. చాలు.”

తూము దాకా నేనే నడిచాను. లస్కరు తాళం తీశాక నీరు బోదె పొడవునా పాకి శివారుకు చేరడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర స్తంభం పక్కనే నిలబడి, నా పట్టికను విప్పి, తడి మట్టిలోకి తొక్కాను. కంకుల్లో సగం గింజ పట్టింది. మిగిలిన సగం తాలు.

ఇప్పుడు నేను పట్టిక రాయడం లేదు. వంతులు మొదలయ్యే ముందు ఏడుగురినీ పిలిచి రికార్డును మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తాను. ఆ రేకు అలాగే అతుక్కుని ఉంది. దాన్ని బాగుచేయించలేదు, ఆటో మ్యూట్‌ను మళ్లీ పెట్టలేదు. పెద్దరైతు నుదుటి మచ్చతో ముందు కుర్చీలో కూర్చుంటాడు. శివారు రైతు మా వసారా మెట్లెక్కడు. గేటు అవతలే, ఆనాడు నేను తలుపు వేసుకున్నప్పుడు నిలబడిన చోటే నిలబడి వింటాడు. అక్కడిదాకా వినపడాలి గనుక వాల్యూము నూరుకు పెడతాను.