బస్సులో కూర్చున్న అమ్మ

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో మా వాడ ఆడవాళ్లకు సినిమాలు చూపించింది నేనే. తెర లేదు, టికెట్టు లేదు. కామారెడ్డిలో ఉండే మా మేనమామ అప్పుడప్పుడు నన్ను తీసుకెళ్లి ఆదివారం మ్యాట్నీ చూపించి, ఊరికి తిరిగొచ్చే తెలిసినవాళ్లకు అప్పగించి బస్సెక్కించేవాడు. మర్నాడు బడి వదలగానే ఆ కథంతా మా నాయనమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పేదాన్ని. వాడలోని ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని అక్కడే బీడీలు చుట్టేవారు. చేతులు తునికాకు మీద, చెవులు నా మీద. ఏడుపు వచ్చే చోట, తంబాకు అంటిన వేళ్లు కళ్లకు తగలకుండా మోచేత్తో కన్నీళ్లు తుడుచుకునేవారు. అది చూస్తే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

మా అమ్మ లేదు. ఆమె జ్వరంతో కామారెడ్డి దవాఖానకని బస్సెక్కిన రోజు నాకు గుర్తుంది. మళ్లీ రాలేదు. చివరి కార్యమంతా ఆమె పుట్టిన ఊరు రామారెడ్డిలోనే జరిగిందట. చిన్నపిల్లనని నన్ను తీసుకుపోలేదు. మా నాన్న, బాపు అనేదాన్ని, అప్పటికే పనికోసం వెళ్లి మస్కట్‌లో ఉన్నాడు. అమ్మ చనిపోయిందని ఎవరూ నా ముఖం చూసి చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు. తెలిసి కూడా, కామారెడ్డి బస్సు వచ్చి ఆగినప్పుడల్లా దిగేవాళ్ల ముఖాలు చూస్తూ నిలబడేదాన్ని.

అందుకేనేమో, నేను చెప్పే ప్రతి సినిమాలోనూ తల్లి తిరిగి వచ్చేది. కొట్లాటల సినిమా అయినా, దేవుడి సినిమా అయినా, చివర్లో ఎక్కడినుంచో ఒక తల్లి వచ్చి బిడ్డను దగ్గరికి తీసుకునేది. నేను కల్పిస్తున్నానని నాకే అనిపించేది కాదు. నోరు తెరిస్తే కథ అటే నడిచేది.

ఒక ఎండాకాలం ఊరి బయట డేరా టాకీసు వేశారు. నేను అంతకు ముందే చెప్పిన సినిమా అందులోకి వచ్చింది. వాడంతా కట్టకట్టుకుని వెళ్లింది, మా నాయనమ్మా నేనూ తప్ప. మర్నాడు నేను బడినుంచి వచ్చేసరికి అరుగు మీద ఒకటే నవ్వులు.

“ఏందే పోరీ, ఆ తల్లి మొదట్లనే సచ్చిపాయె గదనే! పటానికి దండ గూడ ఏసిన్రు. నువ్వేమొ ఆమెను రైలు దింపి పట్టుకొస్తివి!” అంది ఒకామె. అందరూ పగలబడి నవ్వారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ నవ్వును నేను ఓర్చుకునేదాన్నే. కానీ మరొకామె, జాలిగుండె మనిషి, గొంతు తగ్గించి, “నవ్వకుండ్రి. తల్లి లేని పిల్ల. దానికి ఆశ ఉండదా?” అంది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ నా వైపు చూశారు. ఆ చూపులను ఓర్చుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

ఆ తర్వాత నేను అరుగెక్కలేదు. కొన్నాళ్లు పిలిచారు, పిలిచి ఊరుకున్నారు. ఎవరింట్లోనుంచో రేడియో తెచ్చి పెట్టుకున్నారు. బడినుంచి వచ్చి పెరట్లో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. నాయనమ్మకు చెవులు సరిగా వినపడేవి కావు. సాయంత్రం దాకా ఒక్క మాటా మాట్లాడకుండా గడిచిన రోజులుండేవి. గొంతు ఉందో లేదో చూసుకోవడానికి దగ్గేదాన్ని.

ఆ గోడకు అవతల పక్కింటి ఖాలా ఉండేది. ఖాలా అంటే పిన్ని. నాకు చుట్టం కాకపోయినా వాడ పిల్లలమంతా అలాగే పిలిచేవాళ్లం. ఆమె భర్త కూడా మస్కట్‌లోనే పనిచేసేవాడు. ఆమె బయట అరుగుల మీదికి వచ్చేది కాదు, సినిమాకు వెళ్లే అలవాటూ ఆ ఇంట్లో లేదు. తన పెరట్లోనే ఒక్కతే కూర్చుని బీడీలు చుట్టేది. ఒకరోజు గోడ మీదుగా తల పెట్టి, “అరె బేటా, నీ సినిమా బందయిందా?” అని అడిగింది.

ఆమె ఇన్నాళ్లూ లోపలినుంచి వింటోందని నాకు అప్పుడే తెలిసింది. “అవన్నీ అబద్ధాలు ఖాలా. ఆ తల్లి సచ్చిపోయిందట,” అన్నాను.

“సినిమా వాళ్లది. వాళ్లకే ఇడిసిపెట్టు. ఆ తల్లి నీది గదా? ఆమె సంగతొక్కటి చెప్పు నాకు.”

ఏ సినిమానూ ఆసరా చేసుకోకుండా కథ చెప్పడం నాకు అదే మొదలు. ఖాలా పెరట్లో కూర్చుని, కామారెడ్డి బస్టాండులో ఆ తల్లిని ఎల్లారెడ్డి బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు ఇచ్చాను. చేతిలో ఒక సంచి, అందులో కూతురికి కొన్న ఎర్ర రిబ్బను. బస్సులో ఒకడు మేకపిల్లను ఎక్కించాడు, కండక్టరు గొడవపడ్డాడు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి సిగ్గుపడుతూ వెనక సీట్లో కూర్చుంది. ఖాలా దారం పంటితో తెంపుతూ “తర్వాత?” అనేది. ఆ ఒక్క మాట కోసం నేను బడిలో కూర్చుని రేపటి సంగతి ఆలోచించేదాన్ని. ఇంట్లో అంతే నిశ్శబ్దం, అదే నాయనమ్మ. కానీ ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు నాకు పని ఉంది.

లింగంపేట దాటకముందే టైరు పంక్చరయింది. బాగుచేసి బయలుదేరాక మళ్లీ పంక్చరయింది. వాగు పొంగింది. డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. మేకపిల్లవాడు దిగాడు, కొత్త జంట దిగింది. బస్సు మాత్రం ఎల్లారెడ్డి చేరడం లేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం జల్లు పడుతోంది. నేను వెళ్లేసరికి ఖాలా వసారాలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. భర్త ఈ ఏడు కూడా రావడం లేదని ఆ పొద్దున కబురొచ్చిందని నాకు తర్వాత తెలిసింది. నేను మామూలుగా మొదలుపెట్టాను. కాసేపు చెప్పాను. ఆమె “తర్వాత?” అనలేదు. చేతులు చుడుతూనే ఉన్నాయి, మనిషి మాత్రం అక్కడ లేదు. నాకు అరుగు మీది చూపులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లేచి నిలబడ్డాను.

“నువ్వు వింటలేవు ఖాలా. నేనింక చెప్ప.”

ఆమె తిరగలేదు. “నేను ఇనకుంటే బస్సు ఆగిపోతదా?” అంది.

నేను వాకిలి వైపు అడుగేశాను.

“అందరు దిగిపోయిన్రు. ఆమె ఒక్కతె కూసున్నది అండ్ల. డ్రైవరు నువ్వే, కండక్టరు నువ్వే. నువ్వు గిట్ల లేసిపోతే ఆమెను ఎవరు దించాలె బేటా?”

నాకు ఏడుపొచ్చింది. “దించితే ఏమైతదో నాకు తెల్వది,” అన్నాను.

“నాకు గూడ తెల్వది. దించినంక తెలుస్తది.”

ఆమె లేచి నన్ను దగ్గరికి తీసుకోలేదు. తల నిమరలేదు. మళ్లీ ఆకు కత్తిరించుకోసాగింది. తన దుఃఖంలో తాను ఉంది. ఓదార్చే ఓపిక ఆమెకు ఆ రోజు లేదు. నేను కూర్చున్నాను. ఆమె వీపును చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. ఇక పంక్చర్లు లేవు. బస్సు లింగంపేట దాటింది. ఎల్లారెడ్డి బస్టాండులో ఆగింది. తల్లి దిగింది. సంచి సర్దుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చింది. తలుపు తీసే ఉంది. కూతురు లేదు, బడికి పోయింది. ముసలామె మంచినీళ్లిచ్చింది. తల్లి కాసేపు కూర్చుంది. రిబ్బను గూట్లో పెట్టింది. తిరుగు బస్సుకు వేళయింది. అందుకని వెళ్లిపోయింది. కూతురు బడిలో ఉంది కాబట్టి చూడలేదు, అంతే.

చెప్పడం అయ్యాక నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇకమీదట కామారెడ్డి బస్సు కోసం నిలబడనని నాకు అర్థమైంది. ఖాలా చేతులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. ఆమె ముఖం ఇటు తిప్పింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మంచిది. రేపు ఇంకొకామె సంగతి చెప్పు,” అంది.

కామారెడ్డిలో డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదు వెళ్లి సినిమాలకు కథలు రాసే పనిలో చేరాను. బాపు టీచరు పని చూసుకొమ్మన్నాడు. మేనమామ, నిన్ను మ్యాట్నీలకు తిప్పి నేనే చెడగొట్టానని నొచ్చుకున్నాడు. కథాచర్చల్లో చాలాసార్లు నేనొక్కదాన్నే ఆడదాన్ని. నేను రాసిన సన్నివేశాలు వేరేవాళ్ల పేర్ల కింద తెరమీదికి వెళ్లాయి. కొన్ని సినిమాలు మొదలై ఆగిపోయాయి, కొన్ని మొదలే కాలేదు. నాతోపాటు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వేరే పనుల్లోకి మళ్లారు. పండగపూట అద్దె గదిలో కూర్చుని రాసుకుంటుంటే, పక్క వాటాల్లోంచి వంటల వాసనలు, పిల్లల కేకలు వచ్చేవి. నేను రాస్తున్నది చదవాలని ఈ భూమ్మీద ఒక్క మనిషైనా ఎదురుచూడటం లేదని ఆ పూటల్లో స్పష్టంగా తెలిసేది.

కథ నాదని నా పేరు వేసిన సినిమా ఒకటి వచ్చింది. కామారెడ్డిలో ఆడుతుంటే వెళ్లి మ్యాట్నీలో కూర్చున్నాను. హాలు దాదాపు ఖాళీ. ఇంటర్వెల్‌లో బయటికెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆట అయ్యాక ఎల్లారెడ్డి వెళ్లాను. ఖాలాకు కథ చెబుదామని నా ఆశ. ఆ ఇంట్లో ఎవరో కొత్తవాళ్లున్నారు. కొడుకు దగ్గరికి జుక్కల్ వైపు వెళ్లిందని ఒకరన్నారు, అక్కడినుంచి బీదర్ వెళ్లిపోయారని ఇంకొకరన్నారు. అడిగిన చోటల్లా అడిగాను. ఆమె మళ్లీ కనపడలేదు. నా సినిమా సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

నాకు అరవై ఏళ్లు దాటాయి. ఇప్పుడు అడపాదడపా కుర్ర రచయితలు నా దగ్గరికి వస్తారు. ఎవరూ పిలవకపోయినా ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారమ్మా అని అడుగుతారు. పట్టుదల, నమ్మకం లాంటి మాటలు నాకు పెద్దగా అచ్చిరాలేదు. నమ్మకం లేని రోజులే ఎక్కువ. పేరు వస్తుందని రాసిన రోజుల్లో పేరు రాకపోతే కలం కింద పెట్టేశాను కూడా. మళ్లీ ఎత్తింది మాత్రం ప్రతిసారీ ఒకే కారణంతో. నా కథలో నేను మొదలుపెట్టిన మనిషి ఎవరో ఒకరు దారి మధ్యలో ఉండిపోయారు. వినేవాళ్లు ఉన్నారా లేరా అన్నది నా చేతిలో లేదు. ఆ మనిషిని చేరాల్సిన చోటికి చేర్చడం నా చేతిలో ఉంది.

ఇప్పుడు రాస్తున్న కథను ఏ నిర్మాతా అడగలేదు. అందులో ఒకామె మహారాష్ట్రనుంచి పత్తి ఏరే పనికి జుక్కల్ వైపు వచ్చింది. తమ్ముడు కనపడక వెతుకుతోంది. నిన్న రాత ముందుకు కదలక, ఆమెను ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టి లేచిపోయాను. ఈ ఉదయం చాయ్ పెట్టుకోకముందే వచ్చి కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు, ఫోనూ మోగలేదు. ముందు ఆమెకొక నీడ చూడాలి.